అనావృష్టిని ఎదిరించు అడవి పొదలు

వైశాఖమాసమున చంద్రగిరి కొండల వైపు చూచిన ఎండిన గడ్డియు, కాగిన రాళ్ళును కానవచ్చును. చెరువులు నెఱ్ఱెలు విచ్చియుండును. బావులలో నీరు అడుగంటియుండును. అట్టి దినములలో సైతము గుట్టవాలున తంగేడు అక్కడక్కడ పసుపుపూలు పూయును. బందారు ఆకు మెఱయుచుండును. ఎవరును నీరు పోయని, ఎరువు వేయని ఈ మొక్కలు ఎట్లు బ్రతుకుచున్నవి? ఈ సంగతి తెలిసికొనుట వృక్షశాస్త్రజ్ఞుల పని మాత్రమే కాదు. మేత పొరంబోకును, ఊరి గుట్టను కాపాడవలసిన పంచాయతీ సభ్యులకును ఇది అవసరము.

నీటిని పొదుపు చేయు విధములు

వేరు పీల్చిన నీటిలో చాల భాగము ఆకుమీది సూక్ష్మరంధ్రముల గుండ ఆవిరియై పోవును. మొక్క ఆహారము తయారుచేసికొనుటకు కావలసిన బొగ్గుపులుసు వాయువు ఆ రంధ్రముల గుండనే లోపలికి వచ్చును. కావున వానిని మూసికొనిన ఆకలి, తెఱచియుంచిన దాహము. ఈ చిక్కును ఒక్కొక్క పొద ఒక్కొక్క విధముగా తీర్చుకొన్నది.

తంగేడు వెడల్పైన ఆకునకు మాఱుగా చిన్న చిన్న రేకులను వరుసగా పెంచును. చిన్న రేకు గాలికి త్వరగా చల్లబడును. బందారు ఆకుపై జిగురుపూత యుండును. దాని మెఱపునకు అదియే కారణము. జిల్లేడు ఆకుమీద తెల్లని మైనపు పొడియు, వావిలి ఆకు అడుగున సన్నని నూగును నీరు ఊరక పోకుండ అడ్డుకొనును. కలివి ఆకు దళసరిగా నుండును. దాని ముళ్ళు పశువుల నోటిని దూరముగా నుంచును. రేగు ముదురు వేసవిలో ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకొనును. జెముడు జాతులు పచ్చని కాండముతోనే ఆహారము తయారుచేసికొనుచు, పగటి యెండలో రంధ్రములు మూసి, చల్లని రాత్రివేళ తెఱచును.

నేలలోపలి సంగతి ఇంకను ముఖ్యమైనది. ఈ పొదలలో పెక్కింటి వేళ్ళు రాళ్ళ సందులలోనికి దిగి, పైమన్ను ఎండిన తరువాత కూడ లోపలి చెమ్మను అందుకొనును. కొమ్మ నరికినను, వేరులో దాచుకొనిన ఆహారముతో తిరిగి చిగిర్చును. అయితే ఆ నిలువకు ఒక హద్దు కలదు. ఏటేట మొదలంట నరికినచో ధాన్యము తీయుచు తిరిగి నింపని గాదెవలె వేరు వట్టిపోవును. ఒక ఏడాది పొద మరి చిగిర్పదు.

మారుచున్న వాతావరణము

రాయలసీమకు కఱవు క్రొత్త గాదు. 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను ఎంతగా పీడించినదో చరిత్ర చెప్పుచున్నది. వేల యేండ్లుగా ఎండలకు తాళలేని మొక్కలు నశించి, తాళగలిగినవి గింజ నిలుపుకొనుటచే ఈ పొదలకు నేటి గుణములు అబ్బినవి.

నేడు వచ్చిన మార్పు వేఱు. 1901 మొదలు 2018 వఱకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది పట్టగల ఆవిరి సుమారు 7 శాతము హెచ్చును. అందుచే వాన తగ్గకపోయినను నేల త్వరగా ఆఱిపోవును. కురిసినపుడు కుంభవృష్టియగుట కూడ ఎక్కువగును. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు జలమయమైనవి. రాయలచెరువు కట్టకు గండిపడునను భయముతో క్రింది గ్రామములవారిని తరలింపవలసి వచ్చినది. ఎండకు తాళునట్టియు, వరదకు మన్ను పట్టి నిలుపునట్టియు వేళ్ళు మన కిపుడు కావలసియున్నవి. అవి ఈ పొదలకు కలవు.

కాని ఒక హెచ్చరిక. ముదురు పొద కఱవుకు ఓర్చును, లేతమొలక ఓర్వలేదు. మన ప్రాంతమునకు నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును వాన నిచ్చును. ఆషాఢమున మొలచినది ఆశ్వయుజపు వానలదాక నిలువవలెను. నడుమ బెట్ట దీర్ఘమైనను, మేకలు త్రొక్కినను, నిప్పు సోకినను అది నశించును. కావున గుట్ట పచ్చగా కనిపించినంత మాత్రమున క్షేమముగా నున్నదని తలపరాదు. అది ముసలివారు మాత్రమే మిగిలిన యిల్లు కావచ్చును. వాతావరణము కొన్ని దశాబ్దములలోనే మారుచుండగా, క్రొత్త తరము లేనిచో పొదలు తమ గుణములను మార్చుకొను అవకాశమే యుండదు.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది: వానాకాలము ముగిసిన పిమ్మట సభ్యులు గుట్ట ఎక్కి, ముదురు పొదల నడుమ లేతమొక్కలు ఉన్నవో లేవో చూడవలెను. కాపరులను, మూలికలు తెలిసిన పెద్దలను వెంట గొనిపోవుట మంచిది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము గ్రామమునకు ఉండవలసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఆ వివరములు వ్రాయవలెను.

రెండవది: మేతభూమి నంతటిని ఒక్కసారి మూయరాదు, పేదవాని మేక ఎక్కడికి పోవును? భూమిని భాగములు చేసి, ఒక భాగమును మొలకలు మేకనోటికి అందనంత పెరుగువఱకు విడిచి, తరువాత మరియొకదానిని విడువవలెను. ఈ ఏర్పాటును గ్రామసభలో కాపరుల సమ్మతితోనే చేయవలెను.

మూడవది: వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వి వాననీటిని నిలుపవలెను. తంగేడు గింజ పెంకు గట్టిది. గరుకురాతిపై తేలికగా రుద్ది, వానలకు ముందు కందకపు గట్టున చల్లినచో మొలచుట సులభమగును.

నాలుగవది: పచ్చిరొట్టకును కంచెకును కొమ్మలు కోయవచ్చును గాని, మొదలు పెఱుకరాదు. సర్కారుతుమ్మ తొలగించిన చోటును ఖాళీగా విడువక, స్థానికమైన పొదల గింజలు వేయవలెను.

ఇది అసాధ్యమైన పని కాదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాసంస్థవారు బోడిగా నుండిన పరిసరములను పశువుల తాకిడినుండి కాపాడి, నీటిని నిలిపి, మొక్కలు నాటి, దశాబ్దముల ఓపికతో పచ్చబఱచిరి.

పనికిరాని కంప యని మనము నరికించు పొదయే చెరువులోనికి మన్ను జాఱకుండ ఆపుచున్నది. పశువునకు నీడయు, పైరునకు ఎరువును, రోగికి మందును ఇచ్చుచున్నది. ఇకమీదట పొరంబోకును చదును చేయింపవలెనను తీర్మానము పంచాయతీ ముందునకు వచ్చినపుడు, సభ్యులు సంతకమునకు ముందు ఒకసారి ఆ గుట్ట ఎక్కి చూతురు గాక.