మబ్బు విడిపోవలెనని చేసిన ప్రార్థన

పాఠ్యభాగములు: యెహోషువ 5:13–15, 10:8–14, మత్తయి 5:43–45. చదువరులు ముందుగా ఈ మూడు భాగములను ఇంటివారందరు వినునట్లు చదివి, తరువాత ఈ పాఠమునకు రావలెనని కోరుచున్నాను.

డిసెంబరు నెల వచ్చునప్పటికి మన పల్లెలలో ఒక చిక్కు కలుగుచుండును. వరి కోసి పనలు పొలములోనే యున్నవాడు మబ్బును చూచి, వాన రాకుండ చేయుమని ప్రభువును వేడుకొనును. ఆ ప్రక్క నల్లరేగడిలో జొన్న వేసినవాడు ఒక్క జల్లు పడినను చాలునని వేడుకొనును. ఇద్దరును మందిరములో ఒకే చాపమీద కూర్చుండువారే. కాపరి ఎవరి ప్రార్థనకు ఆమేన్ చెప్పవలెను? నేను ఇద్దరికిని చెప్పి ఊరకున్న దినములు కలవు. అయితే ఒకరి మేలు మరియొకరి మరణమైనప్పుడు అట్లు ఊరకుండుట సాధ్యమగునా? రెండవ ప్రపంచ యుద్ధము ముగియవచ్చిన కాలములో జరిగిన ఒక సంగతి ఈ ప్రశ్నను మన ముందు పెట్టుచున్నది.

బెల్జియము, లక్సెంబర్గు దేశములలో ఆర్డెన్స్ అను ప్రాంతము కలదు. కొండలు, దట్టమైన అడవులు, ఇరుకు త్రోవలు గల నేల. 1944వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన, తెల్లవారకముందే 5:30 గంటలకు, జర్మను ఫిరంగులు అక్కడి అమెరికా సైన్యముమీద గర్జించెను. 2 లక్షలకు మించిన జర్మను సైనికులు ముందునకు వచ్చిరి. మ్యూజ్ నదిని దాటి, ఆంట్వెర్ప్ రేవును పట్టుకొని, ఆంగ్లేయ సైన్యమును అమెరికా సైన్యమును విడదీయవలెనని హిట్లరు తలంపు. ముందరి వరుస లోనికి నొక్కబడి పటములో ఉబ్బువలె కనబడుటచేత దీనిని ఉబ్బు యుద్ధమనియు పిలిచిరి.

హిట్లరు ఆ దినములనే యేల కోరుకొనెను? ఆకాశమునందు అమెరికా, ఆంగ్లేయ విమానములదే పైచేయి. తెరపియైన దినమున జర్మను టాంకులు త్రోవమీదికి వచ్చుట ప్రమాదము. కావున ఆ విమానములు ఎగురలేని మబ్బును, మంచును అతడు కనిపెట్టుకొని యుండెను. అతనికి కావలసిన మబ్బు వచ్చెను. జర్మను భూసైన్యపు సిపాయి నడికట్టు బిళ్లమీద దేవుడు మనతో ఉన్నాడను అర్థమిచ్చు మాటలు చెక్కబడి యుండెను. ఇమ్మానుయేలు అను నామమునకు అర్థమేమో మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును గదా! క్రిస్మసుకు తొమ్మిది దినములు ముందు ఆ మాటను నడుమున కట్టుకొని వారు అడవిలోనుండి బయలుదేరిరి.

ఇప్పుడు ఎదుటి పక్షము చూడుడి. అమెరికా మూడవ సైన్యమునకు అధిపతి జార్జి ప్యాటన్. ఆ యేటి శరత్కాలమంతయు వానలు ఎడతెగక కురిసి అతని దండు బురదలో చిక్కుకొనెను. డిసెంబరు 8వ తేదీన అతడు తన సైన్యపు ముఖ్య గురువైన జేమ్స్ ఓనీల్‌ను పిలిపించి, వాతావరణము కొరకు ఒక ప్రార్థన వ్రాయుమనెను. అతడు వ్రాసెను. మితిమీరిన వానలను ఆపుమనియు, యుద్ధమునకు తగిన వాతావరణము దయచేయుమనియు, శత్రువుల దుష్టత్వమును అణచి జనములలో న్యాయమును స్థాపించునట్లు చేయుమనియు దాని భావము. దానిని చిన్న కార్డులమీద అచ్చువేసి 2,50,000 ప్రతులను సిపాయిలకు పంచిరి. కార్డుకు ఒక ప్రక్క ప్రార్థన, రెండవ ప్రక్క సేనాధిపతి పంపిన క్రిస్మసు శుభాకాంక్షలు.

సాటి మనుష్యులను చంపుటకై తెరపి నిమ్మని అడుగుట మా పనివారికి వాడుక కాదని ఆ గురువు మొదట వెనుదీసినట్లు ప్యాటన్ క్రింది అధికారి యొకడు తరువాత వ్రాసెను. ఆ మాట నిజముగా అనెనో లేదో గాని, నేనాయన స్థానమున నుండినయెడల నా నోటికిని అదే వచ్చియుండును.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఒక పొరపాటు చేయుదురు. బాస్టోన్ పట్టణము ముట్టడిలో నున్నప్పుడు ప్రార్థించగా వెంటనే సూర్యుడు వచ్చెనని చెప్పుదురు. జరిగినది అట్లు కాదు. ఆ ప్రార్థన వ్రాయబడినది జర్మనుల దాడికి ముందు, వేరొక దండయాత్ర కొరకు. కార్డులు పంచిన కొద్ది దినములకే, మబ్బు మరింత క్రమ్మియుండగా, శత్రువు వచ్చి పడెను. అడిగినది దొరకకపోగా అడుగనిది వచ్చినది. ప్రార్థనను గూర్చి బోధించువారు ఈ మధ్య దినములను దాటవేయరాదు.

డిసెంబరు 23వ తేదీన ఆకాశము తేటపడెను. ఏడు రోడ్లు కలిసికొను బాస్టోన్ పట్టణములో చుట్టుముట్టబడియున్న సైనికులకు ఆ దినమున 241 విమానములు వచ్చి 144 టన్నుల సామగ్రిని పారాచూట్లతో దింపెను. గుండ్లు తరుగుచుండగా, గాయపడినవారు చలికి వణకుచుండగా ఆ దృశ్యమును చూచినవారు కన్నీరు కార్చియుండిన ఆశ్చర్యమేమి! డిసెంబరు 26వ తేదీన ప్యాటన్ టాంకులు అక్కడికి చేరెను. అతడు ఓనీల్‌కు కంచు నక్షత్ర పతకము నిచ్చెను.

ఇంతవరకే చెప్పి ఆమేన్ అనుట సులభము. అయితే అదే తేట ఆకాశము క్రింద మరియేమి జరిగెనో చూడవలెను. మాల్మెడీ అను ఊరు అమెరికనుల చేతిలోనే యుండెను. 23వ తేదీన అమెరికా విమానములే పొరబడి దానిమీద బాంబులు వేసెను. 24న, 25న, అనగా క్రిస్మసు నాడును, మరల అట్లే జరిగెను. ఊరివారును వారిని కాచుచున్న సిపాయిలును అనేకులు చచ్చిరి. జర్మనుల వశమైన సెంట్ విత్ పట్టణమును 25, 26 తేదీలలో విమానములు దాదాపు నేలమట్టము చేసెను. అక్కడి ఇండ్లలోను తల్లులు పిల్లలు ఉండిరి. 24వ తేదీ రాత్రి జర్మను విమానములు బాస్టోన్‌మీద బాంబులు వేయగా గాయపడినవారి ఆసుపత్రి కూలి, రెనే లెమేర్ అను బెల్జియము నర్సును, సుమారు 30 మంది రోగులును మరణించిరి. ఆమెతో కలిసి సేవచేసిన ఆగస్టా చీవీ ప్రాణముతో బయటపడెను. ఈమె తండ్రి బెల్జియమువాడు, తల్లి ఆఫ్రికావాసి. పండుగకు తండ్రి యింటికి వచ్చి యుద్ధములో చిక్కుకొన్నది. నల్లజాతి స్త్రీ తమను ముట్టరాదన్న గాయస్థులును ఉండిరట! ఆమె కట్లు కట్టుచునే యుండెను. బెల్జియము రాజ్యము ఆమెను గౌరవించినది 2011లో, అనగా 67 సంవత్సరముల తరువాత.

శత్రువుల దుష్టత్వము అని ఆ ప్రార్థనలో అడిగిరి గదా. దుష్టత్వము నిజమే. ఆ రాజ్యము 60 లక్షలమంది యూదులను చంపినది. డిసెంబరు 17న బౌనే కూడలిలో లొంగిపోయిన 84 మంది అమెరికనులను హిట్లరు దళమువారు కాల్చి చంపిరి. దానిని ఆపవలసినదే, ఆపినవారిని నేను తప్పుపట్టను. గాని 1945 జనవరి 1న షెనోన్ గ్రామమువద్ద లొంగిపోయిన జర్మనులను పదులకొలది అమెరికా సిపాయిలు అట్లే చంపిరి. ఆ సంగతి కార్డుమీద వ్రాయదగినది కాదు.

యెహోషువ 10వ అధ్యాయములో సూర్యుడు నిలిచెను, వడగండ్లు శత్రువుమీద పడెను. ఆ భాగమును మనము తీసివేయలేము. అయితే అదే యెహోషువ అంతకు ముందు, యెరికో యెదుట కత్తి దూసి నిలిచినవానిని, నీవు మా పక్షముననా, శత్రుపక్షముననా అని అడిగెను. వచ్చిన జవాబు ఏ పక్షమనియు కాదు. యెహోషువ సాగిలపడి చెప్పులు విడిచెను. మన ఊరి తగవులలో ప్రార్థనకు కూర్చుండునప్పుడు మొదటి ప్రశ్నతోనే లేచిపోవుచున్నాము. చెప్పులు విడుచువరకు ఉండుటలేదు. నేనును అట్లు లేచిపోయినవాడనే.

1945 జనవరి 25 నాటికి యుద్ధము ముగిసెను. అమెరికనులు సుమారు 19,000 మంది మరణించిరి. జర్మనులలోను చచ్చినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిసి అనేక వేలమంది. ఏ కార్డును అందని గ్రామస్థులు సుమారు 3,000 మంది చచ్చిరి. ప్యాటన్ ఆ సంవత్సరము డిసెంబరు 21న, మోటారు ప్రమాదము తరువాత ఆసుపత్రిలో కన్నుమూసెను. లక్సెంబర్గులోని హామ్ అనుచోట తన సిపాయిలు 5,000 మందికి పైగా నున్న స్మశానములో అతడును పాతిపెట్టబడెను. అక్కడికి 1.5 కిలోమీటర్ల దూరములో సాండ్‌వైలర్ అనుచోట 10,900 మందికి పైగా జర్మను సైనికుల సమాధులు కలవు. మన ఊరినుండి చెరువుకట్టకు పోయినంత దూరము.