హామ్ రేడియో కేంద్రమునకు పాత పరికరముల ఎన్నిక

నలుగురు విద్యార్థులము కలిసి ఒక హామ్ రేడియో కేంద్రమును నెలకొల్పవలెనని సంకల్పించినపుడు మా చేతనున్న సొమ్ము మిక్కిలి స్వల్పము. క్రొత్త యంత్రముల వెలలు విన్న పిదప మరల వాని మాట ఎత్తలేదు, పాతవానికై వెదకితిమి. ఆ వెదకులాటలో నేర్చినది తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

యంత్రము కొనుటకు ముందే అర్హత పరీక్షలో నెగ్గి ప్రభుత్వపు లైసెన్సు పొందవలెను. అది లేక ప్రసారయంత్రమును ఇంట ఉంచుకొనుటయు నేరమే. చౌకగా దొరకినదని ముందు కొని, పరీక్ష తరువాత చూతమనుకొనరాదు.

మేము మొదట కొన్నది వాల్వులతో పనిచేయు పాత జపాను ట్రాన్సీవరు. నలువది మీటర్ల బాండుపై ఎవరో మిత్రుల సంభాషణ స్పష్టముగా వినబడగానే సంతోషము పట్టజాలక సొమ్ము చెల్లించితిమి. ఇంటికి తెచ్చి, ఏబది ఓముల డమ్మీలోడు తగిలించి మీట నొక్కగా వాట్‌మీటరు ముల్లు కదలనే లేదు. చివరి వాల్వులు రెండును అరిగిపోయినవి. మా సొమ్ములో మూడవ వంతు అట్లు పోయినది. అమ్మినవారు పరీక్ష వలదనలేదు, మేమే అడుగలేదు.

కావున వినుటతో తృప్తిపడక, డమ్మీలోడుపై ప్రతి బాండునను ప్రసారశక్తిని కొలిచి చూడవలెను. అరగంట సేపు యంత్రమును వేడెక్కనిచ్చి, ఫ్రీక్వెన్సీ జరుగుచున్నదా యని గమనింపవలెను. వేరొక రిసీవరుపై ఆ ప్రసారమును మిత్రునిచే వినిపించుకొనిన మాట వికృతమగుచున్నదో లేదో తెలియును. వాల్వు సెట్లలో ఏ వాల్వున్నదో ముందే విచారింపవలెను. యాసు ఎఫ్‌టి-101ఇ లోని 6జెఎస్6సి మొదట టెలివిజనులకై చేసినది. నేడు దొరకుట కష్టము. కెన్‌వుడ్ టిఎస్-520 లోనివి 6146 జాతివి. 10, 18, 24 మెగాహెర్ట్‌జ్ బాండ్లు 1979 తరువాత వచ్చినవి గనుక అంతకు ముందటి సెట్లలో అవి ఉండవు. మూత తెరువదలచినవారికి హెచ్చరిక: ప్లగ్గు పెరికిన తరువాతను కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచియుండును.

మా అభిప్రాయమున క్రొత్తవారికి ట్రాన్సిస్టరు సెట్టే మేలు. నూరు వాట్ల సెట్టు 13.8 వోల్టులపై ఇంచుమించు ఇరువది ఆంపియర్లు తీసికొనును. అంతటి పవర్ సప్లై వెలను కూడ లెక్కలో వేసికొనవలెను. కరెంటు పోయినపుడు కారు బ్యాటరీతోను నడుచును. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు హామ్‌లు వార్తలు చేరవేసిరన్నది మనమెరిగినదే.

ఏరియల్‌కు వ్యయము లేదనవచ్చును. 7.1 మెగాహెర్ట్‌జ్‌కు ఇరువది మీటర్ల రాగితీగ చాలును. నడుమ ఖండించి, ఒక్కొక్క ప్రక్క పది మీటర్లు. మేము కోఠీ గుజరాతీ గల్లీలో కనెక్టర్లును, జుమ్మెరాత్ బజారులో ఒక మంచి మీటరును సంపాదించితిమి. కాని పాత కోయాక్సియల్ కేబిలు మాత్రము ఉచితముగా నిచ్చినను తీసికొనరాదు. నీరు చొచ్చి లోపలి రాగి జల్లెడ నల్లబడినచో శక్తియంతయు దానిలోనే హరించిపోవును.

మా రెండవ యంత్రము చక్కగా పనిచేయుచున్నది. కళాశాల మేడపై, విద్యుత్తీగలకు దూరముగా, ఏరియల్ కట్టుకొనుటకు కమిటీ వారి అనుమతి కోరియున్నాము. త్రాడును, కప్పీయును మా వద్దనే ఉన్నవి.