సేనాధిపతియు ఓటరును

నల్లమల కొండలకు పడమటగా, కుందూనది పారు సీమలో నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములు గలవు. ఈ సీమ రైతులకు వానను గూర్చియు, పైరును గూర్చియు తెలిసినంతగా సైన్యమును గూర్చి తెలియకపోవచ్చును. అయినను, సైన్యమును శాసించు ప్రభుత్వమును నిలుపుటలో వారి ఓటునకును భాగమున్నది. జనరల్ కృష్ణారావుగారి జీవితము ఈ సత్యమును చక్కగా తెలుపును.

కొటికలపూడి వెంకట కృష్ణారావుగారు 1923వ సంవత్సరము జూలై 16వ తేదీన ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. రెండవ ప్రపంచ యుద్ధము సాగుచుండగా, 1942లో మహర్ రెజిమెంటున అధికారిగా చేరి బర్మా రంగమున పనిచేసిరి. క్రమముగా ఉన్నత పదవుల నందుకొనిరి. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధము వచ్చినప్పుడు వారు 8వ పర్వత డివిజనుకు నాయకులు. సిల్హెట్ ప్రాంతమున నదులును, చిత్తడి నేలలును సైన్యమునకు దారి నడ్డగించెను. డిసెంబరు 7వ తేదీన గూర్ఖా సైనికులను హెలికాప్టర్లలో తీసికొనిపోయి శత్రువుల చేరువనే దింపిరి. భారత సైన్య చరిత్రలో అట్టి దాడి అదియే మొదటిది. ఆ నెల నడుమనే శత్రుసేన లొంగిపోయెను.

1981 జూన్ 1వ తేదీన కృష్ణారావుగారు భూసేనాధిపతులైరి. మన రాజ్యాంగము ననుసరించి సర్వసైన్యాధిపత్యము రాష్ట్రపతిది. నాటి రాష్ట్రపతి శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. 1977లో వారిని లోకసభకు పంపినది నంద్యాల నియోజకవర్గమే; ఆళ్లగడ్డ దానిలోని భాగమే. అదే సంవత్సరమున పొరుగుననున్న పాకిస్థానమున సేనాధిపతి జియా ఉల్ హక్, ఎన్నికైన ప్రభుత్వమును కూలద్రోసి తానే పాలకుడయ్యెను. ఇచ్చటనో, లక్షలాది సైనికులకు ఆజ్ఞలిచ్చు కృష్ణారావుగారు గడువు తీరగనే, 1983 జూలై 31వ తేదీన, పదవిని విడిచి సామాన్య పౌరులైరి.

తరువాత వారు ఈశాన్య రాష్ట్రములకు గవర్నరుగా పనిచేసిరి. 1993లో జమ్మూ కాశ్మీరమునకు రెండవమారు గవర్నరుగా వెళ్లిరి. అప్పటి ప్రధాని శ్రీ పి. వి. నరసింహారావుగారిని 1991లో 5,80,000 ఓట్లకు మించిన ఆధిక్యముతో గెలిపించినదియు నంద్యాలయే. కాశ్మీరమున 1990 నుండి ఎన్నికైన ప్రభుత్వము లేదు. ఓటు వేసినవారిని చంపుదుమని ఉగ్రవాదులు బెదిరించుచుండిరి. గవర్నరు చేతిలో విశేషాధికారము లుండెను. 1996 మే నెలలో ప్రధాని మారెను గాని, ఎన్నికలు జరుపవలెనను సంకల్పము మారలేదు. ఆ సెప్టెంబరులో శాసనసభ ఎన్నికలు జరిగెను. అక్టోబరు 9వ తేదీన ఫరూక్ అబ్దుల్లాగారు ముఖ్యమంత్రి కాగా, గవర్నరుగారు పాలనాధికారమును ఆ మంత్రివర్గమున కప్పగించిరి.

కృష్ణారావుగారు 2016 జనవరి 30వ తేదీన పరమపదించిరి. యుద్ధమున జయించుట వీరధర్మము. జయించిన చేతిలోని అధికారమును ప్రజలు కోరినవారికి మరల నొసగుట అంతకంటె కష్టమైన ధర్మము. ఆయన రెండింటిని నెరవేర్చిరి. విద్యార్థులారా! రేపు మీరు ఓటు వేయబోవు దినమున ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు.