అద్దె ఇంట్లో డైరెక్టర్: ఐడా లుపినో

సినిమా అయితే పోస్టర్ రాకముందే డైరెక్టర్ ఎవరో మనకి తెలుసు. అదే సీరియల్ డైరెక్టర్ ఎవరంటే, మూడేళ్లుగా రోజూ చూస్తున్నవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. హీరోయిన్, అత్త, ఆడపడుచు అందరూ గుర్తుంటారు, వాళ్లందరి చేతా ఆ పని చేయించిన మనిషి మాత్రం గుర్తుండదు. అలా పేరు గుర్తుండని పనిలో పదేళ్లకు పైగా గడిపిన ఒక స్టార్ గురించి ఈ వ్యాసం. ఆమె ఐడా లుపినో. ముందు హాలీవుడ్ హీరోయిన్, తర్వాత సినిమా డైరెక్టర్, ఆ తర్వాత అమెరికన్ టీవీ డైరెక్టర్. ఈ వరుస చూస్తే మెట్టు మెట్టుగా కిందికి దిగినట్టు అనిపించొచ్చు. నాకు మాత్రం ఆ మూడో దశలోనే నేర్చుకోవాల్సింది ఎక్కువ కనిపించింది.

తెర ముందు

ఐడా 1918లో లండన్‌లో పుట్టింది. తండ్రి స్టాన్లీ లుపినో అక్కడ పేరున్న హాస్యనటుడు, వాళ్లది తరాలుగా రంగస్థలం మీద బతికిన కుటుంబం. టీనేజ్‌లోనే సినిమాల్లోకి వచ్చి, 1933లో హాలీవుడ్ చేరింది. మరుసటి ఏడే పోలియో వచ్చింది, కోలుకుంది. 1940ల్లో వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో పెద్ద స్టార్. 'హై సియెర్రా' (1941) టైటిల్స్‌లో హంఫ్రీ బోగార్ట్ పేరు కన్నా ముందు ఆమె పేరే పడుతుంది. 'ది హార్డ్ వే' సినిమాకి 1943లో న్యూయార్క్ సినీ విమర్శకుల ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

కానీ ఆ రోజుల్లో నటులు స్టూడియోకి కాంట్రాక్ట్‌లో ఉండేవాళ్లు. ఇచ్చిన వేషం వద్దంటే జీతం లేని సస్పెన్షన్. అదే స్టూడియోలో బెట్టీ డేవిస్ ఉండేది, మంచి పాత్రలు ముందు ఆమెకే వెళ్లేవి. అందుకే ఐడా తనని తాను 'చవకగా దొరికే బెట్టీ డేవిస్' అని జోక్ వేసుకునేది. నచ్చని వేషాలు వద్దని సస్పెండ్ అయినప్పుడల్లా ఇంట్లో కూర్చోకుండా, కెమెరా ఎక్కడ పెడుతున్నారు, ఎడిటింగ్ ఎలా చేస్తున్నారు అని చూస్తూ తిరిగేది. శిక్షగా దొరికిన ఖాళీ టైమే ఆమెకి ఫిల్మ్ స్కూల్ అయింది.

సొంత ఇల్లు

1949లో 'నాట్ వాంటెడ్' అనే చిన్న సినిమాకి ఆమె నిర్మాత, రచయితల్లో ఒకరు. పెళ్లి కాకుండా తల్లి అయిన అమ్మాయి కథ అది. డైరెక్టర్ ఎల్మర్ క్లిఫ్టన్‌కి గుండెపోటు రావడంతో ఐడానే డైరెక్షన్ తీసుకుంది. అయినా టైటిల్స్‌లో డైరెక్టర్‌గా ఆయన పేరే ఉంచింది. తర్వాత భర్త కాలియర్ యంగ్‌తో కలిసి 'ది ఫిల్మ్‌మేకర్స్' కంపెనీ నడిపింది. పెద్ద స్టూడియోలు ముట్టుకోని కథలే ఎంచుకున్నారు. 'నెవర్ ఫియర్' పోలియో వచ్చిన డాన్సర్ కథ, అంటే తను స్వయంగా దాటి వచ్చిన జబ్బు. 'ఔట్‌రేజ్' (1950) అత్యాచారం తర్వాత ఒక అమ్మాయి బతుకు ఏమవుతుందో చెప్పింది. 'ది హిచ్-హైకర్' (1953)లో అసలు ఆడపాత్రకి చోటే లేదు. కారులో ఇద్దరు స్నేహితులు, వెనక సీట్లో తుపాకీతో ఒక హంతకుడు, అంతే.

సరిగ్గా అదే 1953లో మన భానుమతి గారు 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ. ఆవిడకీ భర్త రామకృష్ణారావు గారితో కలిసి పెట్టుకున్న సొంత సంస్థ, భరణి పిక్చర్స్ ఉంది. ఒకరి గురించి ఒకరికి తెలుసో లేదో గానీ, ఇద్దరు నటీమణులూ డైరెక్టర్ కుర్చీ దాకా వెళ్లిన దారి ఒకటే. వేరేవాళ్లు పిలిచి ఆ కుర్చీ ఇవ్వలేదు, సొంత ఇల్లు కట్టుకుని అందులో వేసుకున్నారు.

ఐడా ఇల్లు నిలబడలేదు. సినిమాల పంపిణీ కూడా తామే చేయాలనుకుని కంపెనీ నష్టపోయింది, 1955లో మూతపడింది.

అద్దె ఇల్లు

ఇక్కడే టీవీ వస్తుంది. సిరీస్‌లో ఒక ఎపిసోడ్ డైరెక్ట్ చేయడం అంటే అద్దె ఇంట్లో కాపురం. హీరో ఎవరో, ఎలా మాట్లాడతాడో, సెట్ ఎలా ఉండాలో అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. అరగంట ఎపిసోడ్‌కి మూడు, నాలుగు రోజుల షూటింగ్. వచ్చే వారం ఆ ఇంట్లోకి ఇంకో డైరెక్టర్ వస్తారు. మనం ఉన్న గుర్తులు కూడా కనిపించకూడదు.

ఐడా ఈ పనిని ఇష్టంగా చేసింది. రిచర్డ్ బూన్ హీరోగా చేసిన 'హావ్ గన్, విల్ ట్రావెల్' అనే కౌబాయ్ సిరీస్, హారర్ కథల 'థ్రిల్లర్', మాఫియా మీద 'ది అన్‌టచబుల్స్', పారిపోతున్న మనిషి కథ 'ది ఫ్యుజిటివ్', నవ్వించే 'గిల్లిగన్స్ ఐలాండ్', 'బివిచ్డ్'. ఇలా డజన్ల కొద్దీ ఎపిసోడ్లు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆడవాళ్ల కష్టాల మీద సినిమాలు తీసిన మనిషికి టీవీ వాళ్లు ఎక్కువగా ఇచ్చింది తుపాకులూ ఛేజింగులూ. 'ది హిచ్-హైకర్' చూశాక, సస్పెన్స్ అంటే ఈమె అని ముద్ర పడిపోయింది.

ఒక్క ఎపిసోడ్ దగ్గరగా

'ది ట్విలైట్ జోన్' సిరీస్‌లో 1964లో వచ్చిన 'ది మాస్క్స్' తీసుకుందాం. రచన రాడ్ సెర్లింగ్. న్యూ ఆర్లీన్స్‌లో మార్డీ గ్రా పండగ రాత్రి, చావు దగ్గరపడ్డ ఒక ధనవంతుడు కూతురినీ అల్లుడినీ మనవళ్లనీ పిలిచి వికారమైన మాస్కులు ఇస్తాడు. అర్ధరాత్రి దాకా తీయకూడదు, తీస్తే ఆస్తి రాదు. అందరూ పెట్టుకుంటారు. (స్పాయిలర్ ఉంది, చూడాలనుకుంటే ఈ పేరా వదిలేయండి.) ముసలాయన చనిపోయాక మాస్కులు తీస్తే, వాళ్ల మొహాలే ఆ మాస్కుల్లా మారిపోయి ఉంటాయి.

డైరెక్టర్‌కి ఇది పెద్ద పరీక్ష. దాదాపు ఒకే ఇల్లు, అరగంట కథ, పైగా సగం నుంచి నటుల మొహాలు మూసేశారు. క్లోజప్ పెట్టినా కనిపించేది కదలని బొమ్మ. ఇక మిగిలింది గొంతు, చేతులు, కుర్చీలో కూర్చునే తీరు. ఎపిసోడ్ అంతా వాటి మీదే నడుస్తుంది. మొహం లేకుండా ఎలా నటించాలో చెప్పడానికి, ముప్పై ఏళ్లు మొహంతో నటించిన మనిషి కన్నా ఎవరు పనికొస్తారు? కథ సెర్లింగ్‌ది, సిరీస్ సెర్లింగ్‌ది. కానీ ఆ ఊపిరాడనితనం మాత్రం అద్దెకున్న మనిషి తెచ్చిందే.

మొదటి విడతలో 'ట్విలైట్ జోన్' 156 ఎపిసోడ్లు వచ్చాయి. వాటిలో ఒక మహిళ డైరెక్ట్ చేసింది ఇదొక్కటే. అదే సిరీస్‌లో 1959లో ఐడా నటించింది కూడా. ఆ పాత్ర, చీకటి గదిలో కూర్చుని తన పాత సినిమాలే వేసుకుని చూసుకునే ఒకప్పటి హీరోయిన్. నిజజీవితంలో ఐడాకి అలా కూర్చునే తీరిక లేదు, అప్పటికే వేరేవాళ్లకి యాక్షన్ చెప్తోంది.

కుర్చీ వెనక అక్షరాలు

సెట్లో ఆమె డైరెక్టర్ కుర్చీ వెనక 'మనందరికీ అమ్మ' అని ఇంగ్లీషులో రాసి ఉండేది. యూనిట్‌లో అందరూ ఆమెని అమ్మ అనే పిలిచేవాళ్లు. ఆర్డర్ వేసినట్టు కాకుండా, సాయం అడిగినట్టు మాట్లాడి పని చేయించుకునేది. ఇది చదివి ముందు ముచ్చటేసింది, తర్వాత కొంచెం గుచ్చుకుంది. మగ డైరెక్టర్ అరిస్తే క్రమశిక్షణ అంటారు. అందరూ మగవాళ్లే ఉన్న సెట్లో ఆమె అరిస్తే గయ్యాళి అంటారు. కాబట్టి 'అమ్మ' అనేది ప్రేమతో పాటు ఒక ఉపాయం కూడా. ఆ ఉపాయం అవసరమైందంటే, అద్దె ఎవరికెంత పడిందో అర్థమవుతుంది.

1966లో 'ది ట్రబుల్ విత్ ఏంజెల్స్' ఆమె డైరెక్ట్ చేసిన చివరి సినిమా. 1995లో చనిపోయింది. 1998లో 'ది హిచ్-హైకర్'ని అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. గౌరవం సొంత ఇంటికే దక్కింది, అద్దె ఇళ్లలో చేసిన పని ఇంకా విడివిడిగానే పడి ఉంది.

మన క్లబ్ తర్వాతి మీటింగ్‌కి ఒక చిన్న హోంవర్క్. ఇంట్లో నడిచే సీరియల్ ఏదైనా ఒక్క ఎపిసోడ్ టైటిల్స్ ఆఖరి దాకా చూసి, డైరెక్టర్ పేరు రాసుకుని రండి. ఆ ఎపిసోడ్‌లో కథది కానిది, నటులది కానిది, ఆ పేరుగల మనిషి తెచ్చిందే అనిపించింది ఒక్కటి చెప్పండి. ఒక్కటి చాలు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.