చార్జింగు నిలువని కారు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా పెట్రోలు కారుకు గత వేసవిలోనే క్రొత్త బ్యాటరీ వేయించితిని. ఐనను అప్పుడప్పుడు ఉదయమున సెల్ఫు కొట్టగా టకటకమను చప్పుడు తప్ప ఇంజను కదలదు. మెకానిక్కు మరల బ్యాటరీనే మార్పుమనుచున్నాడు. మార్పింపవలెనా?
- ఒక ఉపాధ్యాయుడు, చైతన్యపురి

జవాబు: తొందరపడి మార్పింపకుడు. బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు, దాచి యుంచునది మాత్రమే. మేడమీది ట్యాంకులో నీరు లేనప్పుడు మోటారు నీరెక్కించుచున్నదా, ఎచ్చటనైన గొట్టము కారుచున్నదా యని చూతుమే గాని, ట్యాంకును పగులగొట్టి క్రొత్తది కట్టింపము గదా! కారులో ఆ మోటారు పని చేయునది ఆల్టర్నేటరు. దానినే మన ఆటో ఎలక్ట్రీషియన్లు నేటికిని డైనమో యందురు.

ఒక సామాన్యమైన మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల గుర్తుకు త్రిప్పి, ఎఱ్ఱతీగను ప్లస్సునకును నల్లతీగను మైనస్సునకును ఆనించి, రాత్రియంతయు నిలిచియున్న కారు బ్యాటరీని ఉదయమున కొలువుడు. 12.6 వోల్టులున్నచో అది నిండుగా నున్నది; 12.2 ఉన్నచో ఇంచుమించు సగము. 12కు దిగువనున్నచో దాదాపు ఖాళీ. తరువాత ఇంజను నడుచుచుండగా మరల కొలువుడు. సాధారణముగా 13.8కిని 14.5కిని నడుమ చూపవలెను. ఇంజను నడుచుచున్నను అంకె 12 వద్దనే నిలిచి క్రమముగా దిగజారుచున్నచో చార్జింగు లేదని నిశ్చయము. 15 వోల్టులు దాటినచో వోల్టేజిని అదుపులో నుంచు రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికించుచున్నదని తెలియవలెను. క్రుళ్లిన గ్రుడ్ల వాసన దాని లక్షణము. ఇటీవలి కొన్ని కార్లలో కంప్యూటరే చార్జింగును హెచ్చించుచు తగ్గించుచు నుండును గనుక, అట్టివానిలో హెడ్‌లైట్లు వేసి, కొంతసేపు చూచి నిర్ణయింపవలెను.

చార్జింగు సరిగానున్నచో టెర్మినళ్లను చూడుడు. వానిపై తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకొనినయెడల, మొదట మైనస్సు తీగను విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గట్టిగా బిగింపుడు. చేతితో త్రిప్పగా కదలెడి టెర్మినలు ఎంత మంచి బ్యాటరీనైనను నిరుపయోగము చేయును. అప్పటికిని చిక్కు తీరనిచో బ్యాటరీ కొన్న దుకాణముననే, ఎక్కువ విద్యుత్తును లాగి చూచు లోడ్ టెస్టు చేయింపుడు. వారంటీ కాలము మిగిలియున్నచో అదియు మీకు అక్కరకు వచ్చును.

ప్రశ్న: నేను కారు కిరాయికి నడుపుదును. పగలు ఏ చిక్కును లేదు. సాయంకాలము వర్షములో ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు బారులు తీరిన బండ్ల నడుమ నిలిచినప్పుడు ఎఱ్ఱని బ్యాటరీ లైటు మినుకుమినుకుమనును. బండి ముందుకు సాగగానే ఆరిపోవును. దారిలో ఆగిపోవునా?
- ఒక డ్రైవరు, ఎల్.బి.నగర్

జవాబు: ఆ లైటు చార్జింగు మార్గమున లోపమున్నదని చెప్పుచున్నది, దానిని ఉపేక్షింపరాదు. మెట్రో స్తంభముల ప్రక్కన బండి అంగుళమంగుళముగా జరుగునప్పుడు ఇంజను మెల్లగా తిరుగును, ఆల్టర్నేటరు ఇచ్చునది తగ్గును. అదే వేళ హెడ్‌లైట్లు, వైపర్లు, ఏ.సి. ఫ్యాను, ఫోను చార్జరు అన్నియు విద్యుత్తును కోరును. ఐనను ఆరోగ్యముగా నున్న ఆల్టర్నేటరు ఇంతమాత్రమునకు లైటు వెలిగింపదు.

మొదట బెల్టును చూడుడు. తడిసినప్పుడు కీచుమను చప్పుడు వచ్చినను, అంచులు మెరసి పగుళ్లు కనబడినను, అది జారుచున్నదన్నమాట. పిమ్మట బ్రష్షులు. తీగచుట్టల నడుమ అయస్కాంతము కదలగా విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. ఆల్టర్నేటరులో తిరుగు భాగమైన రోటరును అయస్కాంతముగా మార్చు విద్యుత్తు ఈ చిన్న కార్బను బ్రష్షుల గుండనే పోవును. అవి అరిగి ఒకప్పుడు తగిలి ఒకప్పుడు తగులకున్నచో, లైటును అట్లే మినుకుమనును. బ్రష్షులు, రెగ్యులేటరు మార్చినంతనే బాగుపడు ఆల్టర్నేటర్లు అనేకము. కనుక మొత్తము మార్పించుటకు ముందు విప్పి చూపుమని అడుగుడు. లైటు ఆరక వెలుగుచు ఇంజను వేడి ముల్లు పైకి లేచినయెడల, బెల్టు తెగి నీటి పంపు కూడ ఆగియుండవచ్చును. తక్షణమే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను.

ప్రశ్న: వానలకు మా వీధిలో నీరు నిలిచి, కారు చక్రములు సగము మునిగినవి. నాటినుండి రెండు దినములు కదపకున్నచో బ్యాటరీ డౌనగుచున్నది.
- ఒక గృహిణి, సరూర్‌నగర్

జవాబు: 2020 అక్టోబరు వరదలను చూచిన మీ ప్రాంతమువారికి నీటి బెడద క్రొత్త కాదు. అనేక కార్లలో ఆల్టర్నేటరు ఇంజనుకు దిగువ భాగమున నుండును గనుక, బురదనీరు బేరింగులలోనికిని బ్రష్షులలోనికిని చేరును. ఆల్టర్నేటరులో విద్యుత్తును ఒకే దిశకు పోనిచ్చు డయోడు చెడినచో చార్జింగు తగ్గుటయే గాక, ఇంజను ఆగియున్నప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు కారిపోవును.

అట్లు కారుచున్నదో లేదో తెలిసికొను పరీక్షను ఆటో ఎలక్ట్రీషియను చేత చేయింపుడు. తాళముచెవి తీసి, తలుపులు మూసి, కంప్యూటర్లు నిద్రించుటకు అరగంట విడిచి, మైనస్సు తీగ మార్గమున మీటరు నుంచి కొలువవలెను. 50 మిల్లీ ఆంపియర్ల లోపు సహజము. అంతకు మిక్కిలి యున్నచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడగా ఏ మార్గమున పోవుచున్నదో బయటపడును. ఏ ఫ్యూజు తీసినను తగ్గనిచో ఆల్టర్నేటరును అనుమానింపవలెను. మీటరు అట్లున్నప్పుడు సెల్ఫు కొట్టరాదు, మీటరు కాలిపోవును. మరల నీరు వచ్చినప్పుడు, మునిగిన కారును స్టార్టు చేయక, మెకానిక్కు వచ్చి చూచువరకు అట్లే యుంచుడు.

ప్రశ్న: ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ విప్పినను బండి ఆగనిచో డైనమో బాగున్నట్లేనని మా వీధి మెకానిక్కు అనును. నిజమేనా?
- ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ పని ఎన్నడును చేయనీయకుడు. హెచ్చుతగ్గులను ఓర్చుకొని సమముగా నుంచునది బ్యాటరీయే. అది హఠాత్తుగా తొలగినచో ఆల్టర్నేటరు వోల్టేజి క్షణకాలము అనేక రెట్లు పైకెగసి, డయోడులను, ఇంజను కంప్యూటరును కాల్చివేయవచ్చును. కంప్యూటర్లు లేని పాతకాలపు బండ్లలో సాగిన ఆ అలవాటు నేటి కారుకు ప్రాణాంతకము. రెండు నిమిషములలో మీటరు నిరపాయముగా చెప్పు విషయమునకు ఇంతటి సాహసమేల? ఏ దుకాణమునకు పోయినను "ముందు రీడింగు చూపుడు" అని అడిగి, ఇంజను ఆగియున్నప్పటి అంకెను, నడుచునప్పటి అంకెను వ్రాసికొని, ఆ తరువాతనే సామాను మార్చుటకు అంగీకరింపుడు.