డెంగ్యూ దోమ పుట్టేది మన ఇంట్లోనే

నాన్నగారికి విశాఖపట్నం నుంచి ఢిల్లీకి బదిలీ అయినప్పుడు ఓల్డ్ రాజిందర్ నగర్‌లో రెండో అంతస్తు అద్దెకు తీసుకున్నాం. మా పైగదుల్లో సివిల్స్‌కు చదువుకునే అన్నయ్యలు ఉంటారు. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లే. విశాఖలో ఉక్కపోత కాబట్టి కూలర్ పెద్దగా పనిచేయదు. ఇక్కడ పొడి ఎండ, ఏ కిటికీ చూసినా కూలరే. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక కుటుంబం దగ్గర మేమూ ఒకటి కొన్నాం. చలికాలమంతా డాబా మీద ఎండిపోయి ఉన్న కూలర్ అది.

జులైలో కార్పొరేషన్ తరఫున దోమల తనిఖీకి ఒక ఆవిడ వచ్చింది. కూలర్ తొట్టిలోకి టార్చి వేసి నన్ను పిలిచింది. నీళ్లలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. తొట్టిని తట్టగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. అవి దోమ పిల్లలట! రోజూ రెండుసార్లు ఇల్లు తుడిచే మా అమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు.

నిజానికి అమ్మ తప్పేమీ లేదు. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలను అంతగా ఇష్టపడదు. దానికి మన ఇంటి మంచినీళ్లే కావాలి: కూలర్, మూత లేని డ్రమ్ము, పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పాత టైరు. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలు ఉంటాయి. కుట్టేది ఆడదోమ ఒక్కటే, అదీ పగలు, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం పొద్దుగుంకే ముందు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది వేరే జాతి దోమలో. అది రాత్రిపూట కుడుతుంది. అందుకే రాత్రి దోమతెర కట్టుకుని పడుకుంటే డెంగ్యూ రాదనుకోవడం పొరపాటు. బడిలో, మెట్ల కింద, బల్లల కింద కూడా కుట్టగలదు.

డెంగ్యూ గాలి వల్ల రాదు, ముట్టుకుంటే రాదు. జ్వరం ఉన్నవాణ్ణి కుట్టిన దోమలోకి వైరస్ చేరుతుంది. దాదాపు 8 నుంచి 12 రోజులకు ఆ దోమ ఇతరులకు అంటించగలదు. ఇక బతికినంత కాలం అంటిస్తూనే ఉంటుంది. కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. అంటే పక్కింట్లో జ్వరం వస్తే అది మన ఇంటి సంగతి కూడా.

సెప్టెంబరులో పైగది అన్నయ్యకు డెంగ్యూ వచ్చింది. ఒళ్లునొప్పులు, కళ్ల వెనక నొప్పి. నాలుగో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకుని పుస్తకం తెరిచాడు. ఆ సాయంత్రమే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు. నాన్నగారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డెంగ్యూలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గుతున్నప్పుడే మొదలవుతుందని డాక్టరుగారు చెప్పారు. చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా ఉండటం, మూత్రం తగ్గడం కూడా ప్రమాద సూచనలే. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే రక్తస్రావం పెరగవచ్చు. అన్నయ్య స్నేహితులు బొప్పాయి ఆకుల కోసం, మేకపాల కోసం తిరిగారు. 2015లో కూడా ఢిల్లీలో మేకపాలకు ఇలాగే గిరాకీ వచ్చిందట. అన్నయ్యను నిలబెట్టింది మాత్రం వేళకు ఎక్కించిన సెలైనే. తిరిగి వచ్చాక జ్వరం పూర్తిగా పోయేవరకు పగలు కూడా దోమతెరలోనే పడుకున్నాడు. అది మా అందరి కోసం కూడా.

1996లో ఢిల్లీలో పదివేల మందికి పైగా డెంగ్యూ సోకి, 400 మందికి పైగా చనిపోయారు. అప్పటినుంచి పొగ మందు కొడుతూనే ఉన్నారు. పొగకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, తొట్టిలో పిల్లలు చావవు. వేసవిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోయమంటారు. ఢిల్లీలో 2019 నుంచి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్నారు. ఆంధ్రాలో శుక్రవారం డ్రై డే.

అయితే పారబోస్తే సరిపోదు. నాకు బాగా ఆశ్చర్యం వేసిన సంగతి ఇదే. ఏడిస్ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అతికిస్తుంది. తొట్టి ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. పాత టైర్లలో ఈ గుడ్లు ఓడలెక్కి దేశాలు దాటాయి. మా కూలర్‌లో అవి ముందే ఉన్నాయో, తర్వాత వచ్చాయో చెప్పలేను. కానీ సామాను లారీలో కూలర్, డ్రమ్ము, కుండీలు ఊరూరా తిప్పే మనలాంటి వాళ్ల ఇళ్లలో గుడ్లు కూడా బదిలీ కావచ్చు.

ఇప్పుడు ప్రతి ఆదివారం నేను తొట్టి ఖాళీ చేసి, గోడలను గరుకు బ్రష్‌తో రుద్ది, ఎండబెడతాను. పైగదుల కిటికీ కూలర్లు ఎవరివో తేలక ఎవరూ కడిగేవారు కాదు. అన్నయ్యలు ఇప్పుడు వంతులు వేసుకున్నారు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు కూలర్ ఆరబెట్టి, బకెట్లు బోర్లించి, టాయిలెట్ మూత వేసి మరీ తాళం వేస్తాం. నాన్నగారికి మళ్లీ బదిలీ వస్తే ఈ కూలర్ ఎవరికో అమ్ముతాం. రుద్ది, పాత గడ్డి మెత్తలు తీసేసి, ఎండబెట్టాకే ఇద్దామని అమ్మ అప్పుడే చెప్పి పెట్టింది.