ముందు కెమెరా, తర్వాతే సంతకం

మా తరంలో అమెరికా వచ్చిన తెలుగువాళ్లం చాలామందిమి కొత్తగా కట్టిన కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్నాం. ఇప్పటి పిల్లలు ఓక్లండ్, బర్క్‌లీ లాంటి చోట్ల చెట్లు, గాలి, పాత కొయ్యపని చూసి ముచ్చటపడి ఎప్పటివో ఇళ్లు కొంటున్నారు. కాలిఫోర్నియాలో మురుగునీటి శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, అవసరం పడితే ఫోన్ నాకే వస్తుంది. "అంకుల్, బాత్‌టబ్‌లోంచి మురుగు పైకి తన్నుతోంది. తవ్వకుండానే పైపు మార్చేస్తామంటున్నారు. సంతకం పెట్టెయ్యమంటారా?" అలా అడిగినవాళ్లకు చెబుతూ వచ్చినవే ఇవి.

1. ఆ పైపు మీదే. ఇంటినుంచి వీధి కింది పెద్ద లైనుదాకా వెళ్లే పైపును ల్యాటరల్ అంటారు. అమెరికాలో చాలా ఊళ్లలో దాని బాగోగులు ఇంటి యజమానివే. కొన్నిచోట్ల రోడ్డు కింద ఉన్న ముక్క కూడా యజమానిదే. సిటీవాళ్లు వస్తారు, పెద్ద లైను బాగానే ఉందని చూసి వెళ్లిపోతారు. పాతబడి చెడిపోయిన పైపుకు మామూలు ఇంటి బీమా డబ్బివ్వదు. సర్వీస్ లైన్ కవరేజీ విడిగా తీసుకోవాలి, అదీ పైపు పాడవకముందే.

2. కెమెరా వీడియో మీ కళ్లతో చూడండి. ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. పాత ఇళ్లకు ఎక్కువగా కాల్చిన మట్టి పైపులుంటాయి. పొట్టి పొట్టి ముక్కలు, వాటి మధ్య అతుకులు. తడి తగిలే ప్రతి అతుకులోంచీ వేరు దూరుతుంది. మొదట వెంట్రుకంత సన్నంగా తెల్లగా వేలాడుతుంది, దానికి కాగితం చుట్టుకుంటుంది, కొన్నాళ్లకు పైపు నిండా గడ్డకడుతుంది. ఇంటి దగ్గరి ముక్క పోత ఇనుముదైతే లోపల తుప్పు పొరలుపొరలుగా లేచి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లలో ఆరెంజ్‌బర్గ్ పైపు కనిపించవచ్చు. కలపగుజ్జును తారులో నానబెట్టి చేసిన పైపు అది. 1970ల మొదట్లో తయారీ ఆగిపోయింది. మట్టి బరువుకు అణిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, లోపల బొబ్బలు లేస్తాయి. దానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

వీడియో కాపీ అడిగి తీసుకోండి. ఇంటినుంచి ఎన్ని అడుగుల దగ్గర ఏ లోపముందో తెరమీద అంకె పడుతుంది. అమ్మే కంపెనీ కెమెరాతోనే సరిపెట్టకండి. ఆ పని కోసం పోటీపడని మనిషితో ఒకసారి చూపించుకోండి.

3. "తవ్వకుండా" అంటే అసలు తవ్వకుండా కాదు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది పైపు బర్స్టింగు. దానికి ఇంటి దగ్గర ఒక గొయ్యి, వీధివైపు ఒక గొయ్యి తప్పవు. పాత పైపులోంచి ఇనుప కేబుల్ దూర్చి, దాని చివర కోసు తల ఒకటి తగిలించి, హైడ్రాలిక్ యంత్రంతో లాగుతారు. ఆ తల పాత పైపును పగలగొట్టి పెంకుల్ని చుట్టూ మట్టిలోకి నెడుతుంది, దాని వెనకే కొత్త నల్లటి పాలిథిలిన్ పైపు లోపలికి వస్తుంది. గోతి దగ్గర నిలబడితే కాళ్ల కింద నేల సన్నగా అదురుతుంది, పెంకులు విరిగే చప్పుడు వినిపిస్తుంది. కొత్త పైపు ముక్కల్ని వేడిచేసి అతికిస్తారు. ఆ అతుకు చుట్టూ కరిగి ఉబ్బిన అంచు అంతా ఒకే మందంగా ఉండాలి. ఒకపక్క పలచగా ఉంటే కోసి మళ్లీ అతికించమనేవాణ్ణి. పైపు లోపలికి లాగకముందే మీరూ అడిగి చూడండి, తర్వాత ఎవరికీ కనపడదు.

రెండోది లైనింగు. రెసిన్‌తో నానబెట్టిన గుడ్డ గొట్టాన్ని చొక్కా చెయ్యి తిరగేసినట్టు గాలి ఒత్తిడితో పాత పైపులోకి తిప్పి, వేడినీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. పాత పైపు లోపల కొత్త పైపు తయారవుతుంది. 1971లో లండన్‌లోని హాక్నీలో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు పాత మురుగు కాలువకు మొదట ఈ పని చేసి చూపించాడు. బర్స్టింగు కూడా బ్రిటన్‌దే, పాత పోత ఇనుము గ్యాస్ పైపులు మార్చడానికి పుట్టింది. రెండూ కాలానికి నిలిచిన పనులే. భయపడనక్కర్లేదు.

4. వాలు చెడిన పైపును ఈ రెండూ బాగుచెయ్యలేవు. మురుగు పైపుకు మామూలుగా అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. కింద మట్టి కుంగి పైపు మధ్యలో వంగితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. దాన్ని బెల్లీ అంటారు. వీడియోలో కెమెరా కాసేపు నీళ్లలో మునిగి మళ్లీ పైకొస్తే అదే. కొత్త పైపు పాత పైపు దారినే పోతుంది, లైనింగు ఆ వంపు మీదే గట్టిపడుతుంది. మా స్నేహితుడి కూతురింట్లో అదే జరిగింది. వీడియోలో నీళ్లు స్పష్టంగా కనిపిస్తున్నా లైనింగు అమ్మేశారు. ఏడాది తిరక్కుండా మళ్లీ మూసుకుపోయింది. ఆ ముక్కవరకూ తవ్వి, అడుగున మట్టి గట్టిచేసి, వాలు సరిచేసి ఉంటే డబ్బులు దక్కేవి. అలాంటిచోట తవ్వమని చెప్పే కాంట్రాక్టరే నిజాయితీపరుడు.

5. లైనింగు ఎంచుకుంటే, పక్కనుంచి వచ్చి కలిసే పైపుల నోళ్లు లోపలినుంచి మళ్లీ కోసి తెరుస్తారా అని అడగండి. కొన్ని రెసిన్లలో స్టైరీన్ ఉంటుంది, ఘాటు వాసన. పనికి ముందు వాడకుండా ఎండిపోయిన ప్రతి డ్రెయిన్‌లోనూ నీళ్లు పోయండి. డ్రెయిన్ కింద వంపులో (ట్రాపులో) నీళ్లుంటే ఆ వాసన ఇంట్లోకి రాదు. చంటిబిడ్డ ఉంటే ఆ పూట వేరేచోట ఉండండి.

6. పర్మిట్ లేకుండా చేసేస్తామంటే వద్దనండి. ఓక్లండ్ ప్రాంతంలో ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ నిబంధన ఉంది. ఇల్లు అమ్మినా, లక్ష డాలర్లు దాటిన రీమోడల్ చేసినా, ఈ పైపులో లీకు లేదని పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మొత్తం పైపు కొత్తదైతే అది 20 ఏళ్లు చెల్లుతుంది. వానాకాలంలో పగుళ్లలోంచి నీళ్లు చొరబడి శుద్ధి కేంద్రాలు తట్టుకోలేక, మురుగు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోకి పోయేది. అందుకే ఆ నిబంధన. దాన్ని గౌరవించండి.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలి. గ్యాస్‌కు పసుపు, నీళ్లకు నీలం, కరెంటుకు ఎరుపు, మురుగుకు ఆకుపచ్చ గుర్తులు నేలమీద వేస్తారు. మీరు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ పైపులు వాళ్లు గుర్తించరు, అవి మీరే చూపించాలి.

7. ఇది అందరికీ చెప్పండి. గ్యాస్ కంపెనీలు కూడా తవ్వకుండానే నేలలో బొరియ వేసి పైపు లాగుతాయి. ఆ బొరియ ఒక్కోసారి మురుగు పైపును చీల్చుకుంటూ పోతుంది, పైకి ఏమీ తెలియదు. ఏళ్ల తర్వాత డ్రెయిన్ మూసుకుపోతుంది. ప్లంబర్ వేళ్లనుకుని కోత యంత్రం తిప్పితే తెగేది గ్యాస్ పైపు. 1976లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో ఇలాగే ఇల్లు పేలి ఇద్దరు చనిపోయారు. కాబట్టి మీ వీధిలో గ్యాస్ పని జరిగి ఉంటే, వీధివైపు పైపు మూసుకుపోయినప్పుడు కోత యంత్రం దించకముందే కెమెరా పెట్టించండి. యంత్రం తిప్పాక డ్రెయిన్‌లో బుడగలు లేచినా, గ్యాస్ వాసన వచ్చినా, లైటు స్విచ్ ముట్టుకోకండి. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ తీసుకుని బయటికి దూరంగా వెళ్లి, అక్కణ్ణుంచి 911కి ఫోన్ చెయ్యండి.